ఇరవై కిలోమీటర్ల దూరం

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. చుట్టూ బండరాళ్లు, తుప్పలు, అక్కడక్కడా సీతాఫలం చెట్లు, మధ్యలో గుండ్రటి మేడ. అమెరికా నిద్రపోయే వేళకు ఇక్కడ పొద్దు పొడుస్తుందనీ, వాళ్లు లేచేసరికి మన పిల్లలు ప్రోగ్రాములు రాసి పంపేస్తారనీ ఊరూరా చెప్పుకున్న రోజులవి. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది కూడా ఆ ఏడాదే.

సరిగ్గా ఆ నెలలోనే అమెరికా వాణిజ్య శాఖ ఒక జాబితా విడుదల చేసింది. మే నెలలో పోఖ్రాన్‌లో మనం జరిపిన అణు పరీక్షలకు అది శిక్ష. జాబితాలో పేరున్న సంస్థకు అమెరికా నుంచి సాంకేతిక సరుకు వెళ్లాలంటే అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించాలి. అలాంటి అనుమతి దొరకడం ఎంత కష్టమో అడిగేవాళ్లకూ తెలుసు, ఇచ్చేవాళ్లకూ తెలుసు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ పేరు అందులో ఉంది. దాని పొరుగునే ఉన్న క్షిపణి తయారీ సంస్థ భారత్ డైనమిక్స్ పేరూ ఉంది. 2011 జనవరిలో గానీ ఆ పేర్లు తొలగలేదు.

ఒకే ఊళ్లో, ఒకే నెలలో, ఒకే దేశం ఒక మూల కొలువులిచ్చి ఇంకో మూల తలుపు మూసింది. మాదాపూర్‌లో కూర్చున్న ఇంజినీరుకు అమెరికా కంప్యూటర్లు నేరుగా వచ్చేవి. కంచన్‌బాగ్‌లో కూర్చున్న ఇంజినీరు, బహుశా అదే కాలేజీలో అదే బెంచీ మీద చదువుకున్నవాడు, చిన్న చిప్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఈ రెండు చోట్ల మధ్య పక్షి ఎగిరే దారిలో కొలిస్తే ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ కథ ఆ దూరానిది. భారతదేశం ఆయుధాలు కొనడం, తానే చేసుకోవడం, చేసుకోలేక మళ్లీ కొనడం, ఇవన్నీ ఆ దూరంలోనే జరిగాయి.

ముందు లెక్కలు చెప్పాలి. ప్రపంచ ఆయుధ వ్యాపారాన్ని లెక్కగట్టే స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి ప్రకారం 2018–22 మధ్య ప్రపంచంలో అత్యధికంగా ఆయుధాలు దిగుమతి చేసుకున్న దేశం మనదే. మొత్తంలో 11 శాతం. 2020–24కు వచ్చేసరికి యుద్ధంలో ఉన్న యుక్రెయిన్ మొదటి స్థానానికి వెళ్లింది, మనం 8.3 శాతంతో రెండో స్థానంలో నిలిచాం. అమ్మేవాళ్లూ మారారు. 2010–14లో మన దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం, 2015–19లో 55, 2020–24లో 36. ఆ ఖాళీలోకి ఫ్రాన్స్, ఇజ్రాయెల్, అమెరికా వచ్చాయి. 2015–19తో పోల్చితే తర్వాతి అయిదేళ్లలో మన మొత్తం దిగుమతులు 9.3 శాతం తగ్గాయి. తొమ్మిది శాతమేనా అని తీసిపారేయడానికి లేదు. ఆ కొంచెం తగ్గడం వెనక కొందరి జీవితకాలపు పని ఉంది. అందులో ఒకే ఒక్క వస్తువు కథ చెబుతాను.

డీఆర్‌డీఎల్ మొదట ఢిల్లీలో పుట్టింది. 1958లో మెట్‌కాఫ్ హౌస్‌లో ప్రత్యేక ఆయుధాల బృందం అనే పేరుతో కొద్దిమంది మొదలుపెట్టారు. 1962లో హైదరాబాద్ వచ్చింది. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది అది. మూడేళ్లకే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. అమెరికా, బ్రిటన్ రెండు వైపులా ఆయుధాలు ఆపేశాయి. డబ్బు చేతిలో ఉన్నా సరుకు దొరకని రోజు ఉంటుందని దేశానికి అప్పుడు బాగా తెలిసింది. తెలిసినా అప్పటికి దారి ఒకటే కనిపించింది: సోవియట్ యూనియన్. విమానాలను కూల్చే ఎస్-75 క్షిపణులు అక్కడి నుంచే వచ్చాయి.

1972లో ఆ క్షిపణినే హైదరాబాద్‌లో విప్పారు. ప్రాజెక్టు పేరు డెవిల్. ఒక్కో భాగం ఊడదీసి, కొలిచి, అచ్చం అలాంటిదే తయారుచేయాలన్నది లక్ష్యం. ఎనిమిదేళ్లు శ్రమించారు; 1980లో ప్రాజెక్టు మూసేశారు. పూర్తి క్షిపణి రాలేదు. వస్తువును విప్పితే కొలతలు దొరుకుతాయి. ఈ గొట్టం ఇంత మందం ఎందుకుంది, ఇక్కడ ఈ లోహమే ఎందుకు వాడారు, ఏయే పద్ధతులు విఫలమయ్యాక ఇది మిగిలింది, ఈ సంగతులు విప్పిన వస్తువులో రాసి ఉండవు. అవి చేసినవాడి బుర్రలో, అతను పారేసిన నమూనాల్లో ఉంటాయి. డెవిల్‌ను వైఫల్యమని రాసినవాళ్లే ఎక్కువ. కానీ దాని కోసం నేర్చుకున్న ద్రవ ఇంధన ఇంజిన్ పనే తర్వాత పృథ్వి క్షిపణికి ఆధారమైంది. ఆ ఎనిమిదేళ్లు లేకపోతే 1988 ఫిబ్రవరి 25న పృథ్వి ఎగిరేది కాదు.

ఇంకో దారి కూడా అప్పుడే మొదలైంది. 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ ఫ్రాన్స్ లైసెన్సు తీసుకుని ఎస్ఎస్-11 అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి తయారుచేసింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌దే మిలాన్, రష్యాది కాంకుర్స్. డ్రాయింగులు వాళ్లవి, చేతులు మనవి. సైన్యానికి కావలసినవి సమయానికి అందాయి, వేలమంది కార్మికులు, టెక్నీషియన్లు పని నేర్చుకున్నారు; దాన్ని తక్కువ చేయను. కానీ లైసెన్సు ఉత్పత్తిలో ఒక చిక్కుంది. రేపు ట్యాంకు కవచం మందమైతే క్షిపణిని మార్చాల్సింది మనం కాదు, డ్రాయింగు గీసినవాడు. ఎప్పుడో 1980ల నుంచి ఇక్కడ తయారవుతున్న మిలాన్ కుటుంబం నుంచే 2021 మార్చిలో మళ్లీ 4,960 మిలాన్-2టీ క్షిపణుల కోసం 1,188 కోట్లకు ఒప్పందం కుదిరింది. నలభై ఏళ్లు చేసిన వస్తువును కూడా మన సొంతమని అనుకోలేకపోయాం.

1982లో అబ్దుల్ కలాం ఇస్రో వదిలి డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా కంచన్‌బాగ్ వచ్చారు. మరుసటి ఏడాది సమీకృత గైడెడ్ క్షిపణి కార్యక్రమం మొదలైంది: పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని. ఒక్కొక్కటిగా చేద్దామని ప్రతిపాదన వెళ్తే, అన్నీ కలిపి ఒకేసారి చేయండని అప్పటి రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్ అన్నారు. మంజూరైంది 388 కోట్లు. రూపాయి విలువ అప్పటికీ ఇప్పటికీ ఒకటి కాదు, నిజమే. అయినా ఈ పోలిక చేయకుండా ఉండలేను: 2025–26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. రోజుకు సుమారు 1,866 కోట్లు. అంటే అయిదు క్షిపణుల కోసం ఆనాడు ఇచ్చిన మొత్తం ఆ బడ్జెట్‌లో అయిదు గంటల ఖర్చు.

ఆ అయిదింటిలో నేను చెప్పదలచుకున్నది ఆకాశ్. దానికి ప్రాజెక్టు డైరెక్టరుగా కలాం ఎంచుకున్నది ప్రహ్లాద రామారావు అనే యువకుణ్ణి. వయసు ముప్పైల్లో ఉన్నవాడికి దేశపు గగన రక్షణను అప్పగించారు. ఆకాశ్ రూపంలో సోవియట్ కుబ్ క్షిపణి పోలికలు కనిపిస్తాయి. దాచాల్సిన పని లేదు. మన సైన్యం దగ్గర కుబ్ ఉండేది, దాని ర్యామ్‌జెట్ పద్ధతి మంచిదని మనవాళ్లు గ్రహించారు. అయితే ఈసారి విప్పి కొలవడంతో ఆగలేదు. ఎందుకు అలా పని చేస్తుందో మొదటి నుంచి లెక్క వేశారు.

ర్యామ్‌జెట్ అంటే కొలిమి తిత్తి లాంటిదే, కాకపోతే తిత్తి ఊదే మనిషి ఉండడు. క్షిపణి వేగమే గాలిని లోపలికి తోస్తుంది. మామూలు రాకెట్ ఇంధనంతో పాటు దాన్ని మండించే ఆక్సిజన్ పదార్థాన్ని కూడా మోసుకెళ్లాలి. కొన్ని సెకన్లలో అంతా మండిపోయి, మిగతా దూరం విసిరిన రాయిలా వెళ్తుంది. ర్యామ్‌జెట్ గాలినే వాడుకుంటుంది గనక మోసే బరువు తగ్గుతుంది, ఎక్కువసేపు మండుతుంది. చివరి క్షణంలో శత్రు విమానం పక్కకు తిరిగినా వెంటపడే బలం క్షిపణిలో ఇంకా మిగిలి ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, నిలబడి ఉన్న క్షిపణికి గాలి తనంతట రాదు. అందుకని మొదట బూస్టర్ మండి క్షిపణికి ధ్వని వేగాన్ని మించిన వేగం ఇస్తుంది. ఆ బూస్టర్ మండి ఖాళీ అయిన గదిలోనే ర్యామ్‌జెట్ మంట అందుకోవాలి. ఒక మంట ఆరి ఇంకో మంట అంటుకునే ఆ లిప్తపాటును అదుపులోకి తేవడానికి ఏళ్లు పట్టింది.

ర్యామ్‌జెట్ కన్నా రాడార్ కథ నాకు ఎక్కువ ఇష్టం. ఆకాశ్ కళ్లు నేల మీద ఉంటాయి. రాజేంద్ర అనే రాడార్ శత్రువునూ చూస్తుంది, తన క్షిపణినీ చూస్తుంది, దారి తప్పితే సరిదిద్దుతుంది. ఒకేసారి ఎన్నో లక్ష్యాలను గమనించాలంటే పళ్లెం తిరిగే పాత రాడార్ చాలదు. అది మెడ తిప్పి చూసే మనిషి లాంటిది. ఇటు చూస్తే అటు కనపడదు. కావలసింది కదలకుండానే చూపును క్షణంలో ఎటంటే అటు వంచగల రాడార్. దాన్నే ఫేజ్డ్ అరే అంటారు.

నాట్లు వేసే ఆడవాళ్ల వరుసను చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. అందరూ ఒకే వేగంతో వెనక్కి జరిగితే వరుస తిన్నగా పోతుంది. ఒక కొసన ఉన్నవాళ్లు కాస్త నెమ్మదించి, రెండో కొసన ఉన్నవాళ్లు చురుగ్గా కదిలితే వరుస మొత్తం వంపు తిరుగుతుంది. గట్టు మీదున్న మేస్త్రి ఎవర్నీ చెయ్యి పట్టి తిప్పనక్కర్లేదు. ఎవరెంత ఆలస్యం చేయాలో చెబితే చాలు. రాజేంద్ర రాడార్ ముఖం మీద అలాంటి వరుస ఉంది, సుమారు 4,000 చిన్న గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఒక ఫేజ్ షిఫ్టర్. రేడియో తరంగాన్ని రవ్వంత ఆలస్యం చేసి పంపడమే దాని పని. నాలుగు వేల ఆలస్యాలు సరిగ్గా కుదిరితే కిరణం కోరిన వైపు వంగుతుంది. సెకనులో ఎన్నోసార్లు వంగుతుంది.

ఆ ఫేజ్ షిఫ్టర్ లోపల ఉండేది ఫెర్రైట్, అంటే అయస్కాంత గుణమున్న ఒక రకం పింగాణీ. దాన్ని ఎంత వేడిలో కాల్చాలి, ఏ పాళ్లలో కలపాలి, వేసవిలోనూ చలికాలంలోనూ ఒకే రకంగా పనిచేయాలంటే ఏం చేయాలి అన్నది పాశ్చాత్య దేశాలు గుట్టుగా ఉంచుకున్న విద్య. 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికత బయటికి పొక్కకుండా కట్టుబాటు పెట్టుకున్నాక మన చుట్టూ ఆంక్షలు ఇంకా బిగిశాయి. ఆ విద్యను ఇక్కడ ఛేదించింది ఐఐటీ ఢిల్లీలోని ఒక బృందం. నాయకురాలు ప్రొఫెసర్ భారతీ భట్. పది పన్నెండు మందితో ఆమె ఫెర్రైట్ ఫేజ్ షిఫ్టర్‌ను సాధించారు. ఒకటి చేయడం వేరు, ఒకే రకంగా నాలుగు వేలు చేయడం వేరు గనక ఆ బాధ్యత సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాడార్‌ను కూర్చింది బెంగళూరులోని రక్షణ ప్రయోగశాల. క్షిపణికి దారి చూపే లెక్కల్లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం చేయి కలిపింది. నాగ్ క్షిపణికి కావలసిన సంకేత విశ్లేషణ సూత్రాలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తయారయ్యాయి. ఒక రహస్య ప్రయోగశాల తన తలుపులు తెరిచి కాలేజీలకు పని పంచడం అప్పటికి కొత్త. ఆ కార్యక్రమంలో కలాం చేసిన గొప్ప పని అదేనని నా నమ్మకం.

లోహం సంగతి కంచన్‌బాగ్‌లోనే తేలింది. 1973లో పెట్టిన లోహాల సంస్థ మిధాని డీఆర్‌డీఎల్‌కు దగ్గర్లోనే ఉంది. క్షిపణి కవచాలకు కావలసిన మారేజింగ్ ఉక్కు అక్కడ కరిగించారు. నగరానికి ఇంకో మూలనున్న బాలానగర్‌లో లేత్ మిషన్ల ముందు నిలబడి పని చేసినవాళ్లను కూడా ఈ కథలో తలుచుకోవాలి. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ఇన్‌స్పెక్షన్‌లో భాగం వెనక్కి వచ్చేది. ఎంటార్ లాంటి కంపెనీలు 1970 నుంచి అక్కడ అణు, అంతరిక్ష, క్షిపణి భాగాలు చేస్తున్నాయి. హైదరాబాద్ క్షిపణి నగరమైంది ప్రయోగశాలలు ఉన్నందుకే కాదు, ప్రయోగశాల డ్రాయింగు పట్టుకుని వెళ్తే చేసిపెట్టే మేస్త్రీలు అరగంట దూరంలో ఉన్నందుకు కూడా.

ఆకాశ్ మొదటిసారి ఎగిరింది 1990లో. ఆ తర్వాత ఫైరింగ్ మీద ఫైరింగ్. మరుసటి ఏడాది సోవియట్ యూనియన్ కూలిపోయింది. మన సైన్యం స్పేర్ పార్టుల కోసం కొత్త దేశాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తర్వాత 1998 జాబితా. ఆకాశ్ ఎప్పుడొస్తుందని పార్లమెంటులోనూ పత్రికల్లోనూ అడుగుతూనే ఉన్నారు. జట్టులోనిదే అయిన త్రిశూల్ చివరికి ప్రదర్శన ప్రాజెక్టుగా మిగిలిపోయి మూతపడింది. నాగ్ నలభై ఏళ్లు తీసుకుంది. దాన్ని మోసే వాహనాల కోసం 1,801 కోట్ల ఒప్పందం 2025 మార్చిలో గానీ కుదరలేదు. ఆకాశ్‌ను 2007 డిసెంబర్‌లో వైమానిక దళం తన పద్ధతిలో పరీక్షించి ఒప్పుకుంది. 2015లో మే నెలలో సైన్యంలో, జులైలో గ్వాలియర్‌లో వైమానిక దళంలో చేరింది. మంజూరైన నాటికి, చేరిన నాటికి మధ్య 32 ఏళ్లు. ముప్పైల్లో బాధ్యత తీసుకున్న మనిషి అప్పటికి ఉద్యోగ విరమణ చేసేశారు.

అంతటితో కష్టాలు తీరలేదు. వైమానిక దళానికి అందిన క్షిపణుల్లో 2014లో పరీక్షించిన ఇరవైలో ఆరు విఫలమయ్యాయని కాగ్ నివేదిక 2017లో చెప్పింది. 30 శాతం. ఆ నివేదిక చదివినప్పుడు బాధ కలిగింది, కానీ అలాంటి నివేదిక రావడమే మేలు. పరాయి దేశపు క్షిపణి విఫలమైతే మనం ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చోవాలి. ఇక్కడ కారణం వెతకడానికి మనుషులు ఉన్నారు, డ్రాయింగు ఉంది, మార్చే హక్కు ఉంది. సరిదిద్దారు.

ఇప్పుడు మళ్లీ మాదాపూర్ వైపు.

2001 మే నెలలో కేంద్రం రక్షణ తయారీని ప్రైవేటు కంపెనీలకు తెరిచింది. విదేశీ వాటా 26 శాతం వరకు అనుమతించింది. 2014లో దాన్ని 49 శాతం, 2020లో 74 శాతం చేసింది. అలా తెరవడానికి ముందే హైదరాబాద్‌లో కొందరు సిద్ధమై ఉన్నారు. 1991లో కొందరు శాస్త్రవేత్తలు ఆస్ట్రా మైక్రోవేవ్ పెట్టారు. కార్యాలయం నేడు హైటెక్ సిటీ చెంత కొండాపూర్‌లో. అదే ఏడాది బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. మాదాపూర్ ఇన్ఫోసిటీలో ఉన్న ఆ కంపెనీ పేరు ఇప్పుడు సైయెంట్. ఒకటి రాడార్ లోపలి మైక్రోవేవ్ భాగాలు చేస్తుంది. ఇంకొకటి 2000 నుంచి ప్రాట్ అండ్ విట్నీ లాంటి విమాన ఇంజిన్ల కంపెనీకి ఇంజినీరింగ్ చేసిపెడుతోంది.

భారతీ భట్ ఫెర్రైట్ తరువాతి తరం సంగతి ఈ మాదాపూర్ వైపుకే తగులుతుంది. కొత్త రాడార్లలో ఒక్కో గొట్టం వెనుక ఆలస్యం చేసే పింగాణీకి బదులు, సొంతంగా తరంగాన్ని పుట్టించి పంపి, తిరిగొచ్చినదాన్ని అందుకునే బుల్లి యంత్రం ఉంటుంది. దాన్ని టీఆర్ మాడ్యూల్ అంటారు. ఆ మాడ్యూల్ గుండె గ్యాలియం ఆర్సెనైడ్ చిప్. సిలికాన్ చిప్ దొరికినంత సులువుగా అది దొరకదు. యుద్ధ విమానపు రాడార్‌కు పనికొచ్చేది గనక అమ్మేముందు ఎవరికి, ఎందుకు అని అడుగుతారు. ఆ చిప్‌లు చేయడానికి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో హైదరాబాద్ విజ్ఞాన కంచలో గేటెక్ అనే ఫౌండ్రీ పెట్టింది. ఆస్ట్రా లాంటి కంపెనీలు టీఆర్ మాడ్యూళ్లు కూర్చడం నేర్చుకున్నాయి. విమానం ముక్కులో ఇమిడే మన ఉత్తమ్ రాడార్ దాకా ఆ దారి వచ్చింది. చిప్ ఒక కొసన, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇంకో కొసన. రెండూ ఒకే ఊళ్లో ఉండటం వల్ల కలిగే లాభం ఇప్పుడిప్పుడే అనుభవంలోకి వస్తోంది. రాయదుర్గంలోని స్టార్టప్ కేంద్రం టీ-హబ్‌లో కుర్రాళ్లు రక్షణ శాఖ ఇచ్చే సవాళ్లకు పరిష్కారాలు తయారుచేస్తున్నారు. పాతికేళ్ల క్రితం వాళ్ల అన్నలకు ఆ తలుపు ఎక్కడుందో కూడా తెలియదు.

అయితే ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని ఆదిబట్ల వెళ్తే టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారం ఉంది. 2018 మార్చిలో ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ ఒడలు అక్కడే తయారవుతాయి. సీ-130జే రవాణా విమానం తోక భాగం కూడా ఆ పక్కనే. మన పిల్లల చేతి పని అది, గర్వపడతాను. 2023 జనవరిలో భారత సైన్యానికి చెందిన అపాచీ ఒడలు ఒకటి అక్కడ సిద్ధమై అమెరికాలోని అరిజోనాకు వెళ్లింది. అక్కడ ఇంజిన్, రాడార్, ఆయుధాలు, సాఫ్ట్‌వేర్ అమర్చారు. సైన్యం ఆర్డరు చేసిన ఆరింటిలో మొదటి మూడు 2025 జులైలో మన దేశానికి వచ్చాయి, దిగుమతిగా. ఒళ్లు ఇక్కడ పుట్టింది. విలువంతా కళ్లలో, గుండెలో, మెదడులో ఉంది గనక ధర అక్కడిది అయింది. ఇలాంటి లెక్క మాదాపూర్‌లో అద్దాల మేడల్లో కూడా జరుగుతూ ఉంటుంది. మన ఇంజినీరు విదేశీ కంపెనీ కోసం గీసిన డ్రాయింగు సేవల ఎగుమతిగా డాలర్లలో వెళ్తుంది, వస్తువులో కలిసి ఎన్నో రెట్ల ధరకు తిరిగొస్తుంది. ఆ డ్రాయింగు మీద హక్కు గీసినవాడిది కాదు. 2025 జూన్‌లో టాటాతో కుదిరిన ఒప్పందం ప్రకారం రఫేల్ ఒడలు కూడా హైదరాబాద్‌లోనే తయారవుతాయి. మంచి వార్తే. కానీ ఒళ్లు చేయడం దగ్గరే ఆగితే మిలాన్ కథ పెద్ద అక్షరాల్లో మళ్లీ రాసుకున్నట్టవుతుంది.

అందుకే బడ్జెట్ వచ్చిన రోజు నేను మొత్తం అంకె దగ్గర ఆగను. 2025–26లో 6.81 లక్షల కోట్లలో పింఛన్లకు 1.60 లక్షల కోట్లు, కొత్త ఆయుధాలూ పరికరాల వంటి మూలధన ఖర్చుకు 1.80 లక్షల కోట్లు. దేశమంతటా ఉన్న డీఆర్‌డీవో ప్రయోగశాలలన్నిటికీ కలిపి 26,816 కోట్లు. నూరు రూపాయల్లో నాలుగు రూపాయలు కూడా కాదు. డెవిల్ లాంటి మూతపడే ప్రాజెక్టుకూ, విఫలమయ్యే ఆరు క్షిపణులకూ, భారతీ భట్ లాంటి ఆచార్యుల ప్రయోగశాలకూ ఆ నాలుగులోంచే రావాలి. కొనుగోలుకు ఇచ్చిన డబ్బు ఆ ఏడాదికి ఆయుధం తెస్తుంది. ఓడిపోయే అవకాశం ఉన్న పనికి ఇచ్చిన డబ్బు ఇరవై ఏళ్ల తర్వాత కొనాల్సిన అవసరాన్నే తీసేస్తుంది. ఆకాశ్ చరిత్ర నాకు నేర్పిన లెక్క ఇది. దేశీయ కంపెనీల నుంచి కొనడానికి ఎంత కేటాయించారన్న లెక్క కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఫలితాలు కళ్ల ముందున్నాయి. 2013–14లో 686 కోట్లున్న రక్షణ ఎగుమతులు 2024–25లో 23,622 కోట్లకు చేరాయి. 2025 మే నెలలో పాకిస్తాన్ సరిహద్దు మీదుగా డ్రోన్లు, క్షిపణులు వచ్చిన రాత్రుల్లో వాటిని అడ్డుకున్న వాటిలో ఆకాశ్ ఉందని ప్రభుత్వం ప్రకటించింది. సోవియట్ కాలపు పెచోరా, ఓసా వ్యవస్థలు కూడా దాని పక్కనే నిలబడి పోరాడాయి; కొన్నదీ చేసుకున్నదీ ఒకే ఆకాశాన్ని పంచుకున్నాయి. ఆ జులైలో లద్దాఖ్‌లో 15,000 అడుగులకు పైన ఆకాశ్ ప్రైమ్‌ను పరీక్షించారు. పాత ఆకాశ్‌కు నేల మీదే కళ్లుండేవి. ఇప్పుడు క్షిపణి ముక్కులోనే సీకర్ అనే కన్ను ఉంది, అదీ ఇక్కడ చేసిందే. ఆ పలచని గాలిలో, వేగంగా దూసుకొచ్చే లక్ష్యాలను అది పడగొట్టింది.

ఆకాశ్ పరిధి 25 కిలోమీటర్లు. కంచన్‌బాగ్ నుంచి ఎగిరితే సైబర్ టవర్స్ దాటి ఇంకా ముందుకు వెళ్తుంది.

2020 డిసెంబర్ 30న కేంద్ర మంత్రివర్గం ఆకాశ్‌ను ఇతర దేశాలకు అమ్మడానికి అనుమతించింది. అందులో 96 శాతం పైగా స్వదేశీ భాగాలే అని ఆ రోజు ప్రకటనలో ఉంది. తర్వాత ఆర్మేనియా కొన్నది. ఆయుధాల కోసం చాలాకాలం రష్యా మీదే ఆధారపడి, అవసరమైన వేళకు సరుకు అందక ఇబ్బంది పడ్డ చిన్న దేశం అది. 1965లో మనకు తెలిసి వచ్చిన సంగతే వాళ్లకూ తెలిసి వచ్చింది. సిప్రి పట్టికలో ఆర్మేనియా దిగుమతుల వరుసలో ఇప్పుడు భారత్ అని రాసి ఉంటుంది.

కాకసస్ కొండల్లో ఎక్కడో ఒక షెడ్డులో ఆ క్షిపణి ముందు ఒక కుర్ర ఇంజినీరు నిలబడి ఉంటాడని ఊహించుకుంటాను. పైకప్పు మీద మంచు కురుస్తూ ఉంటుంది. చేతిలో స్పానరు పట్టుకుని, ఈ నాలుగు గాలి గొట్టాలు ఇక్కడే ఎందుకున్నాయని పక్కవాణ్ణి అడుగుతుంటాడు. 1972లో కంచన్‌బాగ్‌లో ఎస్-75 ముందు నిలబడి మనవాళ్లు అడిగినట్టే.